గ్లిజరిన్ లేకుండానే కన్నీళ్ళా?

ఈ వారం ఉత్తరాల కట్టలో తెనాలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు రాసిన ఉత్తరం ఉంది. మొదటిసారి చదివితే నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఆ నవ్వు కాస్తా పోయింది. మీరూ చదవండి.

"సార్, నాకు ఇరవై ఏళ్ళు. సినిమా పిచ్చి జాస్తి. శనివారం మ్యాట్నీ, ఫస్ట్ షో చూసి, ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఫోన్లో ఇంకో సినిమా పెడతాను. తెల్లారేసరికి కళ్ళు ఎర్రగా చింతనిప్పులు! దురద, మంట, లోపల ఇసుక పోసినట్టు గరగర. కాలేజీకి వెళ్తే, ఏరా, క్లైమాక్సులో హీరోయిన్ పోయిందని రాత్రంతా ఏడ్చావా అని ఏడిపిస్తున్నారు. మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు. అది వేస్తే దురదా లేదు, ఎరుపూ లేదు. ఐదు నెలలుగా అదే వేస్తున్నాను. మానేస్తే మళ్ళీ మొదలు. ఇంతకీ నా ప్రశ్న ఏమిటంటే, అన్నేసి లైట్ల ముందు నిలబడే సినిమావాళ్ళ కళ్ళు అలా మెరుస్తూ ఉంటాయి కదా, వాళ్ళు ఏం వేసుకుంటారు?"

నవ్వొచ్చింది హీరోయిన్ మాట దగ్గర. నవ్వు పోయింది "ఐదు నెలలుగా" అన్న మాట దగ్గర. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు తమ్ముడు అడిగిన ప్రశ్నకే జవాబు.

దీపం పేరు పెట్టుకున్న జబ్బు

సినిమావాళ్ళ కళ్ళు మెరుస్తాయి, నిజమే. ఆ మెరుపులో సగం కెమెరా పక్కన పెట్టిన చిన్న దీపానిది. మిగతా సగం మేకప్ మనిషిది. ఆ కళ్ళు పడే బాధ మాత్రం మీకు తెరమీద కనిపించదు.

మూకీల కాలంలో, అంటే 1910లు, 20లలో, అమెరికా స్టూడియోల్లో తారలకి ఒక వింత జబ్బు వచ్చేది. పగలంతా షూటింగు చేసి ఇంటికి వెళ్ళి పడుకుంటే అర్ధరాత్రి కళ్ళు భగ్గున మండేవి. ధారగా నీళ్ళు, తెరవలేనంత నొప్పి. కారణం ఆర్క్ దీపాలు. రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటు దూకితే పుట్టే వెలుతురు అది. దాంతోపాటు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా వచ్చి కంటి నల్లగుడ్డు పైపొరను కాల్చేవి. ఎండలో తిరిగితే చర్మం కమిలినట్టన్నమాట. ఆ దీపాల్లో పేరుపడ్డవి న్యూయార్కులో క్లీగ్ల్ అన్నదమ్ముల కంపెనీ తయారు చేసినవి. అందుకని ఆ జబ్బుకే "క్లీగ్ ఐస్" అని పేరు పడిపోయింది! దీపానికి అద్దం అడ్డం పెట్టాక, తర్వాత మామూలు బల్బుల లైట్లు వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇవాళ్టికీ నల్లద్దం లేకుండా వెల్డింగు చేసే కుర్రాళ్ళకి రాత్రిపూట వచ్చే కంటిమంట అచ్చం అదే.

నేను మద్రాసులో షూటింగుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఫ్లోరు మీద ఇంకో కంటి శత్రువుని చూశాను. అది గ్లిజరిన్. ఏడుపు సీను ఉంటే చాలు, సీసా సిద్ధం. "కొంచెం వేసుకోండమ్మా" అని అసిస్టెంటు వేలి కొసన రాసేవాడు. రెండు నిమిషాల్లో కన్నీరు, దర్శకుడి ముఖంలో ఆనందం. ఐదారు టేకులయ్యేసరికి ఆవిడ కళ్ళు నిజంగానే ఎర్రబడి, తర్వాతి షాటు నవ్వే షాటైతే ప్యాకప్పే గతి.

ఇందులో తమాషా ఏమిటంటే, గ్లిజరిన్ నీటిని లాక్కునే పదార్థం. చిక్కగా రాస్తే కంటిపై తడిని పీల్చి మంట పుట్టిస్తుంది, ఆ మంటకి నీళ్ళు కారతాయి. అదే గ్లిజరిన్‌ని నూటికి ఒక పాలు లేదా అంతకన్నా తక్కువ కలిపి శుభ్రంగా తయారు చేస్తే, పొడిబారిన కంటికి హాయినిచ్చే చుక్కల మందు! కొన్ని కంటి చుక్కల్లో ఉండేది అదే. పాళ్ళు తెలిసినవాడి చేతిలో మందు, తెలియనివాడి చేతిలో మంట. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

రెప్ప వేయడం మర్చిపోతే

మన కన్నీరు ఉత్త ఉప్పునీరు కాదు. అందులో మూడు సరుకులున్నాయి. కంటికి అంటుకుని తడి జారిపోకుండా పట్టేది జిగురు. మధ్యలో నీరు. ఆ నీరు ఆవిరి కాకుండా పైన పల్చటి నూనె. ఈ నూనె రెప్పల అంచున వరసగా ఉండే చిన్న చిన్న గ్రంథుల్లోంచి వస్తుంది. రెప్ప వేసిన ప్రతిసారీ ఈ మూడింటినీ కలిపి కంటిమీద కొత్తగా పూత పూస్తుంది. గోడకి సున్నం వేసే కుంచె లాంటిది మన రెప్ప.

మామూలుగా మనిషి నిమిషానికి పదిహేనుసార్లు, అటూ ఇటూగా, రెప్ప వేస్తాడు. తెరకేసి గుడ్లప్పగించి చూస్తుంటే అందులో మూడోవంతుకు పడిపోతుంది. లెక్క వేయండి: రెండున్నర గంటల సినిమాకి 2250 సార్లు పడాల్సిన రెప్ప, 750 సార్లే పడింది. పైగా ఏసీ హాల్లో గాలి పొడిగా ఉంటుంది. ఇంటికొస్తే నెత్తిమీద ఫ్యాను. మధ్యలో హెల్మెట్ అద్దం ఎత్తేసి బండి మీద గాలిలో ప్రయాణం. ఇక కంటిమీద పూత ఎక్కడ నిలుస్తుంది? ఎండిపోతుంది. గరగరలాడుతుంది. అప్పుడు కన్ను కంగారుపడి ఒక్కసారిగా నీళ్ళు కురిపిస్తుంది. అందుకే "నా కళ్ళు కారుతుంటే పొడి కళ్ళంటారేమిటండీ" అని చాలామంది వాదిస్తారు. ఆ కారే నీళ్ళల్లో నూనె లేదు, జిగురు లేదు. వరదలా వస్తుంది, వరదలాగే పోతుంది.

కొన్ని మందులు కూడా కంటిని ఎండగడతాయి. జలుబుకీ, తుమ్ములకీ వేసుకునే అలర్జీ బిళ్ళలు కొన్ని అలాంటివే. మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్ క్యాప్సూళ్ళు మరీనూ. మొటిమల మందు వాడుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, కళ్ళు గరగరమంటే ఆ సంగతి మీ డాక్టరుకి చెప్పండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

మూడు వేషాలు, ముగ్గురు విలన్లు

కన్ను ఎర్రబడటం ఒక్కటే. ఆ వేషం వెనక విలన్లు మాత్రం ముగ్గురు. ఎవరో తెలుసుకోకుండా కత్తి దూస్తే మన హీరోకే దెబ్బ.

మొదటివాడు పొడిబారడం. మంట, ఇసుక పడ్డట్టుండటం, సాయంత్రానికి ఎక్కువ కావడం ఇతని గుర్తులు.

రెండోవాడు అలర్జీ. ఇతని ముద్ర దురద. రెండు కళ్ళూ దురద, నులుముకుంటే స్వర్గం, నులిమాక నరకం. తుమ్ములు, ముక్కు దిబ్బడ తోడు. దుమ్ము, పుప్పొడి, పిల్లి బొచ్చు, పాత దిండులోని పురుగుల ధూళి ఏదైనా కారణం కావచ్చు. మన వైపు ఎండలు ముదిరితే కొందరు పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, ఏటా ఇది తిరగబెడుతుంది.

మూడోవాడు కండ్లకలక. పుసి, ఉదయం రెప్పలు అతుక్కుపోవడం, ఒక కంటితో మొదలై రెండోదానికి పాకడం ఇతని పద్ధతి. 2023 వానాకాలంలో ఊరూవాడా తిప్పలు పెట్టింది వీడే. సినిమా పుట్టిల్లు మద్రాసుకీ వీడికీ చుట్టరికం ఉంది. 1918లో మద్రాసులో ఇది పెచ్చుపెరిగింది లగాయతు "మద్రాస్ ఐ" అన్న పేరు దేశమంతా పాకింది. 1971లో బెంగాల్లో కండ్లకలక చెలరేగినప్పుడు, అది బంగ్లాదేశ్ పోరాటం జరుగుతున్న ఏడాది గనక, "జై బంగ్లా" అన్నారు! 1969లో ఆఫ్రికాలోని ఘనాలో వస్తే, మనిషి చంద్రుడి మీద దిగిన సంవత్సరమని "అపోలో" జబ్బన్నారు. జబ్బుకి కూడా జనం టైటిల్ పెడతారు చూశారా?

అన్నట్టు, కండ్లకలక ఉన్నవాడి కళ్ళలోకి చూస్తే అంటుకోదు. చెయ్యి, తువ్వాలు, దిండు, కర్చీఫు వీటివల్ల అంటుకుంటుంది. నల్ల కళ్ళజోడు వెలుతురు బాధ తగ్గిస్తుంది తప్ప, జబ్బుని ఆపదు. ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది గనక ఒకటి రెండు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ రోజుల్లో సినిమా హాలుకి వెళ్ళకపోవడమే మీరు చేసే పుణ్యం.

ఇంట్లో చేసుకోదగ్గవి

దురద పుడితే నులమకండి. నులిమినకొద్దీ దురద పుట్టించే పదార్థం ఇంకా ఊరుతుంది. ఏళ్ళ తరబడి గట్టిగా నులిమేవాళ్ళకి నల్లగుడ్డు పల్చబడి, శంకువులా ముందుకి ఉబికే ప్రమాదం ఉంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. అది మొదలయ్యేది సరిగ్గా మీ వయసులోనే. దురదకి చల్లదనం మందు. శుభ్రమైన గుడ్డని చల్లటి నీటిలో తడిపి పిండి, మూసిన కళ్ళమీద ఐదు నిమిషాలు వేసుకోండి. బయట తిరిగి వచ్చాక ముఖం కడుక్కోండి. దిండు గలీబు వారం వారం వేడినీళ్ళలో ఉతకండి.

పొడిబారిన కంటికి, రెప్పల అంచు జిడ్డుగా, పొట్టుగా ఉంటే, వేడి మందు. కాలని పాటి గోరువెచ్చటి గుడ్డ మూసిన రెప్పలమీద ఐదు పది నిమిషాలు ఉంచితే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. తర్వాత అంచుని మెల్లగా తుడవాలి.

ఫోనుకీ కంప్యూటరుకీ ఇరవైల సూత్రం ఒకటుంది. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న దేన్నయినా, ఇరవై సెకన్లు చూడండి. ఎదురింటి కిటికీ కాకుండా చెట్టునో, బోర్డునో చూస్తే గొడవలుండవు! ఆ ఇరవై సెకన్లలో నాలుగైదుసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. కంప్యూటరు తెర కంటికన్నా కాస్త కిందకి ఉంటే రెప్ప సగం వాలి ఉంటుంది, తడి నిలుస్తుంది. ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగలకుండా మంచం జరుపుకోండి.

అప్పటికీ గరగర తగ్గకపోతే కన్నీళ్ళ బదులు వేసుకునే చుక్కలున్నాయి. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే పదార్థంతో చేసినవి ఎక్కువగా దొరుకుతాయి. మూత తీసిన సీసా సాధారణంగా నెల దాటితే పారేయాలి. అట్టపెట్టె మీద ఏం రాసుందో చూడండి. రోజుకి నాలుగుసార్లకి మించి అవసరమైతే నిల్వమందు కలపని చిన్న గొట్టాల్లో వచ్చేవి మేలు. సీసా మూతి కంటికి గానీ, రెప్పకి గానీ తగలకూడదు.

మా అమ్మమ్మ రాత్రిళ్ళు నందివర్ధనం పువ్వులు మూసిన రెప్పల మీద పెట్టేది. కడిగిన పువ్వు మూసిన కంటిమీద చల్లగా ఉంటుంది, నష్టం లేదు. పువ్వు పిండి రసం పోయడం, తేనె, పన్నీరు, చనుబాలు, ఆముదం కంట్లో వేయడం మాత్రం వద్దు. వాటిలోని సూక్ష్మక్రిములు నల్లగుడ్డుమీద పుండు చేస్తే, మచ్చ పడి చూపు పోతుంది.

అమ్మాయిలకి రెండు మాటలు. కాటుక రెప్ప లోపలి అంచుకి పెట్టడం వల్ల నూనె గ్రంథుల నోళ్ళు మూసుకుంటాయి. బజార్లో విడిగా అమ్మే సుర్మాల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. ఒకరి కాటుక ఒకరు పెట్టుకోకండి, ఎంత ప్రాణస్నేహితురాలైనా సరే. కాంటాక్టు లెన్సులు పెట్టుకుని నిద్రపోకండి, కుళాయి నీటితో కడగకండి. కుళాయి నీటిలో ఉండే అకాంతమీబా అనే క్రిమి కంటికి పట్టిందంటే నెలల తరబడి వదలదు. పుట్టినరోజుకి ఒక్కపూట నీలికళ్ళు కావాలని సరదాపడి జీవితమంతా బాధపడినవాళ్ళున్నారు.

ఇక ఆ చుక్కల సంగతి

తెనాలి తమ్ముడూ, నవ్వు పోయిన చోటికి వచ్చాను.

మా అక్కయ్యది గుంటూరు. మిర్చియార్డుకి దగ్గర్లోనే ఇల్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా లారీల మీద మిరప టిక్కీలు దిగుతుంటే ఆ ఘాటుకి ఆ దారిన పోయేవాళ్ళు కూడా దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటారు. మా మేనల్లుడికి చిన్నప్పటినుంచీ ఎండాకాలం కళ్ళ దురద. ఇంటరు చదివే రోజుల్లో డాక్టరుగారు రెండు వారాలకని ఒక మందు రాశారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మావాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసి, ఖాళీ డబ్బా పట్టుకుని షాపుకి వెళ్ళాడు. వాళ్ళు ఇచ్చారు. అలా ఒకటీ రెండూ కాదు, రెండేళ్ళు.

ఒకరోజు మా ఇంటికి వచ్చి గుమ్మం పక్కనున్న స్టూలుకి తగిలి పడ్డాడు. "ఒరేయ్, కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాను. "లేదు మామయ్యా, పక్కనున్నవి ఈమధ్య ఆనడం లేదు" అన్నాడు. ఆ మాటకి నా గుండె జారింది. కళ్ళాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు కంటిలోపలి ఒత్తిడి కొలిచారు. ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. నీటికాసులు, అంటే గ్లాకోమా. ఒత్తిడికి కంటినరం నలిగి అంచుల చూపు పోయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది పోకుండా ఇప్పుడు రోజూ వేరే చుక్కలు వేస్తున్నాడు. జీవితాంతం వేయాలి. వాడికి అప్పటికి పందొమ్మిదేళ్ళు.

ఆ మందు స్టెరాయిడ్. అది చెడ్డమందు కాదు. వాపునీ ఎరుపునీ అణచడంలో దాన్ని మించింది లేదు, డాక్టర్లు రాసేది అందుకే. కానీ నెలల తరబడి వాడితే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లాలు వస్తాయి, క్రిములు దాడి చేస్తే కంటికి ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, తెలియదు. గ్లిజరిన్ దగ్గర చెప్పానే, పాళ్ళు తెలిసిన చెయ్యి అని, అదే ఇక్కడా. డాక్టరు రాయనిదే అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నదాన్ని, పాత డబ్బా చూపించి కొనుక్కున్నాడు మా వాడు.

కాబట్టి ఇవాళే నీ సీసా తీసి చీటీ చదువు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఇలా చివర "సోన్" అనో "లోన్" అనో ఉన్న పేరు కనిపిస్తే, సీసా జేబులో పెట్టుకుని రేపే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఐదు నెలలుగా వాడుతున్నానని దాచకుండా చెప్పు. కంటి ఒత్తిడి చూడమని అడుగు. ఎప్పుడు, ఎలా మానాలో ఆయన చెప్తారు. నఫజోలిన్ లాంటి పేరుంటే అది ఎరుపుని తాత్కాలికంగా దాచే మందు. రక్తనాళాల్ని బిగించి కన్ను తెల్లగా చేస్తుంది, ప్రభావం తగ్గగానే అవి ఇంకా ఉబ్బుతాయి. "మానేస్తే మళ్ళీ మొదలు" అన్నావు, అదే కావచ్చు. పోతే అలర్జీకి స్టెరాయిడ్ కాని చుక్కలు ఉన్నాయి, ఒలోపటడీన్ లాంటివి. నీకేది సరిపోతుందో చూసి రాయాల్సింది డాక్టరు. నేనూ కాదు, షాపతనూ కాదు.

మిగతా పాఠకులకి ఒక హెచ్చరిక. కన్ను బాగా నొప్పెట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, నల్లగుడ్డుమీద తెల్లమచ్చ కనిపించినా, ఏదైనా గుచ్చుకున్నా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి. యాసిడ్, సున్నం పడితే మాత్రం ముందు అరగంట కుళాయి కింద కళ్ళు కడిగి, తర్వాత పరుగెత్తాలి. లెన్సు పెట్టుకునేవాళ్ళకి కన్ను ఎర్రబడితే ముందు లెన్సు తీయాలి, తర్వాత డాక్టరు.

సినిమాకీ కంటికీ ఉన్న రుణం

ఇంతకీ సినిమావాళ్ళు కళ్ళకి ఏం వేసుకుంటారని అడిగావు. వేసుకున్న సంగతి చెప్పాను. ఒక సినిమాయన కళ్ళకోసం ఏం ఇచ్చారో కూడా చెప్పి ముగిస్తాను.

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్.వి.ప్రసాద్‌గారు బొంబాయి వెళ్ళి 1931లో "ఆలం ఆరా"లో, అదే ఏడాది "కాళిదాస్"లో, 1932లో మన "భక్త ప్రహ్లాద"లో వేషాలు వేశారు. అంటే హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింట్లోనూ ఉన్న మనిషి. తర్వాత దర్శకుడై "పెళ్ళిచేసి చూడు", "మిస్సమ్మ" తీసి ఇచ్చారు. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు కంటి ఆసుపత్రి తలపెట్టినప్పుడు ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చినవారు ప్రసాద్‌గారే. 1987లో మొదలైన ఆ ఆసుపత్రి ఆయన పేరుతోనే నడుస్తోంది. జీవితమంతా జనం కళ్ళకి విందు చేసినాయన, ఆ కళ్ళకే రుణం తీర్చుకున్నాడు.

తమ్ముడూ, తెరమీద బొమ్మ పోతే ఇంకో ఆటకి టిక్కెట్టు కొనుక్కోవచ్చు. అంచుల చూపు పోతే ఆ టిక్కెట్టు ఏ కౌంటర్లోనూ దొరకదు. వెళ్ళి చూపించుకో. డాక్టరుగారు ఏమన్నారో నాకు ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను. అన్నట్టు, క్లైమాక్సులో హీరోయిన్ పోయినందుకు నిజంగానే ఏడ్చి ఉంటే, ఏడువు, తప్పులేదు. కన్నీరు కంటికి మంచిదే!